చీటీ మీద రాసుకున్న దారులు

మహానగరంలో తెలియని చోటికి వెళ్లాలంటే ఒకప్పుడు ఆ పని ముందురోజు రాత్రే మొదలయ్యేది. టేబుల్ మీద అట్లాస్ పరిచి, పెన్సిల్‌తో దారి గీసుకుని, దాన్ని అరచేతిలో పట్టేంత చీటీ మీదకి దించుకోవాలి. ఆ చీటీ రాయడం కూడా ఓ విద్యే. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, లైనుకి ఒక్క మలుపే ఉండాలి, అదీ ఐదారు మాటలు దాటకూడదు. బండి నడుపుతూ రెప్పపాటులో చదివేయాలి మరి. ఎంత దూరం వెళ్లాక, ఎటు వైపు, ఏ రోడ్డు మీదకి అనే మూడు సంగతులూ అందరూ రాసుకునేవాళ్లు. చెయ్యి తిరిగినవాళ్లు నాలుగోది కూడా రాసేవాళ్లు: మలుపు తప్పితే తర్వాత ఏం కనిపిస్తుందో. 'రైలు వంతెన కింద నుంచి వెళ్లావంటే దాటిపోయినట్టే' అని. మొదటి మూడింట్లో ఒకటి లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. ఈ నాలుగోది లేనివాళ్లు మాత్రం మూడు కిలోమీటర్ల అవతల తేలేవాళ్లు.

బయల్దేరేటప్పుడు ట్రిప్ మీటర్ సున్నా చెయ్యడం, మలుపు తిరిగిన ప్రతిసారీ మళ్లీ సున్నా చెయ్యడం ఓ అలవాటు. తిరుగు ప్రయాణానికి చీటీ వేరే రాసుకోవాలి. వెళ్లిన చీటీనే కింద నుంచి పైకి చదువుకుంటే సరిపోదా అనుకున్నవాళ్లు మొదటి వన్‌వే దగ్గరే బోల్తా పడేవాళ్లు. ఫ్రీవేల (సిగ్నళ్లు లేకుండా సాగే పెద్ద రోడ్ల) దగ్గరా అదే తంతు. దిగిన చోటే మళ్లీ ఎక్కడానికి ర్యాంపు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. కొన్నిచోట్ల ఎక్కే ర్యాంపు రెండు కూడళ్ల అవతల ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు.

అట్లాస్‌లతో ఓ పాత తగాదా ఉండేది. వెళ్లాల్సిన వీధి ఎప్పుడూ రెండు పేజీల మధ్య కుట్టులోకే పోయేది! అందుకే పెద్ద నగరాల అట్లాస్‌లకి స్పైరల్ బైండింగ్ పనికొచ్చేది. పూర్తిగా మడిచి ఒళ్లో పెట్టుకోవచ్చు, పేజీ కూడా తిరిగిపోదు. లాస్ ఏంజెలెస్‌లో కారు సీటు కింద థామస్ గైడ్ లేని ఇల్లు అరుదుగా ఉండేది. 1915లో మొదలైన కంపెనీ అది. 634వ పేజీ, ఎఫ్4 గడి, ఇలా ఉండేది దాని లెక్క. లండన్‌లో 1936లో ఫిలిస్ పియర్సాల్ మొదలుపెట్టిన కంపెనీ వాళ్ల ఎ టు జెడ్, మెక్సికో సిటీలో గియా రోహి. మెల్‌బోర్న్‌లో 1966 నుంచి మెల్వే వచ్చింది. అక్కడ ఇళ్ల అమ్మకాల ప్రకటనల్లో, ఆహ్వానాల్లో చిరునామా పక్కనే మెల్వే పేజీ నంబరు, గడి అచ్చువేసేవాళ్లు. ఊరంతా ఒకే పుస్తకం వాడితే దొరికే సుఖం అది.

అట్లాస్ చదవడంలో కొత్తవాళ్లు తప్పేది పేజీ చివర్లో. కుడి అంచు దాటితే తర్వాతి పేజీ వస్తుంది గానీ, కింది అంచు దాటితే వచ్చేది ఎక్కడో ముప్పై నలభై పేజీల తర్వాత ఉంటుంది. అంచు మధ్యలో బాణం గుర్తు పక్కన చిన్న అంకె వేసేది అందుకే. ఆ అంకెల్ని వరసగా చీటీ మీద రాసుకుంటే దారిలో వెతుకులాట ఉండదు. రెండో తప్పు ఇండెక్సులో జరిగేది. మెక్సికో సిటీలో ఒకప్పటి అధ్యక్షుడు బెనితో హువారెస్ పేరు పెట్టిన వీధులు కొల్లలు, ప్రతి పేటకీ ఒకటి ఉంటుందేమో. పేట పేరు తెలియకుండా వీధి పేరు పట్టుకుని ఇండెక్స్ తెరిచినవాళ్లకి ఆ కాలమ్ పొడుగు చూస్తేనే గుండె జారిపోయేది. ఆ ఊళ్లో ముందు 'ఏ కొలోనియా (పేట)?' అని అడగాలి, వీధి ఆ తర్వాతే.

అసలు సంగతి అట్లాస్‌లో లేదు. ప్రతి మహానగరానికీ చిరునామాలో ఓ లెక్క ఉంటుంది. ఆ లెక్క పట్టుబడితే పటం లేకుండానే సగం ఊరు తిరిగెయ్యొచ్చు.

షికాగో తీసుకోండి. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోటు సున్నా. అక్కడి నుంచి మైలుకి 800 నంబర్లు. 3200 నార్త్ అన్నారంటే మాడిసన్‌కి ఉత్తరాన సరిగ్గా నాలుగు మైళ్లు, కాగితం తియ్యక్కర్లేదు. ఉత్తరం వైపు, పడమర వైపు ఉన్న ఇళ్లకి సరి సంఖ్యలు, మిగతా రెండు వైపులా బేసి సంఖ్యలు. 1909లో ఊరంతటికీ నంబర్లు మార్చి తెచ్చిన పద్ధతి ఇది. ఇందులోనూ ఓ మెలిక ఉంది. దక్షిణం వైపు మొదటి మూడు మైళ్లకి ఈ లెక్క నప్పదు. ఒక మైలు దగ్గర 1200, రెండో మైలు దగ్గర 2200, మూడో మైలు దగ్గర 3100. నాలుగో మైలు నుంచి మళ్లీ మైలుకి 800 చొప్పున సాగుతుంది. ఇది తెలియక దక్షిణాన దూరాలు లెక్కకట్టినవాళ్లు పది నిమిషాల నడకని పావుగంట నడక అనుకునేవాళ్లు.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో అడ్రసు మధ్య అడ్డగీత ఉంటుంది. 77వ స్ట్రీట్ మీద 37-55 అంటే, 37వ అవెన్యూ దాటాక వచ్చే ఇళ్ల వరసలో 55 నంబరు అని. అడ్డగీతకి ముందున్నది కూడలి, తర్వాతది ఇల్లు. ఇంత సొగసైన పద్ధతి పెట్టి, దాని పక్కనే 60వ అవెన్యూ, 60వ రోడ్, 60వ డ్రైవ్, 60వ స్ట్రీట్, 60వ ప్లేస్, 60వ లేన్ అని ఎవరు పెట్టమన్నారో! స్ట్రీట్, ప్లేస్, లేన్ అన్నవి ఉత్తర దక్షిణాలుగా పోతాయి, అవెన్యూ, రోడ్, డ్రైవ్ అడ్డంగా పోతాయి. చీటీలో 60 అని మాత్రమే రాసుకుని చివరి మాట వదిలేస్తే ఇక అంతే.

అన్నిట్లోనూ నా ఓటు కొలంబియాలోని బొగోటాకి. కాయే 72, నంబరు 10-34 అంటే 72వ కాయే (వీధి) మీద, 10వ కర్రేరా (దాన్ని అడ్డంగా దాటే వీధి) మూల నుంచి 34 మీటర్లు. చిరునామాలోనే వీధి, మూల, దూరం అన్నీ వచ్చేస్తాయి. పైగా తూర్పున ఊరి పొడుగునా కొండలున్నాయి. కర్రేరాలు కొండలకి సమాంతరంగా పోతాయి, కొండల నుంచి దూరం జరిగేకొద్దీ వాటి నంబరు పెరుగుతుంది. తల ఎత్తి చూస్తే దిక్కు తెలిసిపోతుంది. సావ్ పావ్లోలో కూడా ఇంటి నంబరు అంటే వీధి మొదలు నుంచి మీటర్లే. వీధి మొదలంటే ప్రాసా ద సే కూడలికి దగ్గరున్న కొస. 850 నుంచి 1250కి వెళ్లాలంటే 400 మీటర్లు, నడవాలా బండి తియ్యాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

బ్యాంకాక్‌లో ఈ ధీమాతో దిగితే కాళ్లు అరుగుతాయి. సుఖుంవిత్ రోడ్డుకి ఉత్తరాన బేసి సోయిలు (పక్క సందులు), దక్షిణాన సరి సోయిలు. కానీ రెండు వైపులా ఎవరి లెక్క వాళ్లదే. 55వ సోయికి ఎదురుగా 56 ఉంటుందనుకుంటాం, తీరా అక్కడ ఉండేది 38. టాక్సీ దిగి రోడ్డు దాటితే చాలనుకున్నవాళ్లకి ఇంకో మూడు కిలోమీటర్ల పైనే మిగిలేది.

టోక్యోలో వీధులకి చాలావరకు పేర్లే ఉండవు. నంబర్లు ఉండేది వీధుల మధ్య ఉన్న గళ్లకి. ముందు పేట, తర్వాత చోమె (పేటలో నంబరున్న భాగం), తర్వాత గడి నంబరు, చివర ఇంటి నంబరు. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ రావాలి. 1962 చట్టం తర్వాత మారిన పేటల్లో ఇళ్ల నంబర్లు గడి చుట్టూ వరసగా వస్తాయి. మారని పాత చోట్ల ఆ వరస మీద ఆశ పెట్టుకోకూడదు, 4 పక్కన 17 ఉన్నా ఆశ్చర్యపోకూడదు. అందుకే విజిటింగ్ కార్డు వెనక చిన్న పటం, వీధి మూలన కోబాన్ పోలీసు గదిలో గోడకి పెద్ద పటం. ఇంకో సంగతి, అక్కడ స్టేషన్ బయట నిలబెట్టిన పటాల్లో చాలావాటికి పైభాగం ఉత్తరం కాదు, చూసేవాడి ముఖం ఎటుంటే అది. ఉత్తరం పైన ఉంటుందన్న అలవాటుతో చూసినవాళ్లు నేరుగా వెనక్కి నడిచేవాళ్లు.

ఇక నికరాగువా రాజధాని మనాగువా. 1972 డిసెంబరు భూకంపం ఊరి నడిబొడ్డుని నేలమట్టం చేశాక కూడా అక్కడివాళ్లు పాత ఆనవాళ్లతోనే చిరునామా చెప్పుకుంటూ వచ్చారు. 'చిన్న చెట్టు ఉండిన చోటు నుంచి సరస్సు వైపు రెండు వీధులు, పైకి ఒకటి.' సరస్సు వైపు అంటే ఉత్తరం, పైకి అంటే సూర్యుడు వచ్చే తూర్పు, కిందకి అంటే పడమర. చెట్టు ఎప్పుడో పోయింది. అది ఉన్న చోటు తెలియనివాడు పరాయివాడే.

దారి దొరికాక మిగిలేది ట్రాఫిక్. ఫలానా చోటు ఎంత దూరం అని అడిగితే కిలోమీటర్లలో చెప్పేవాళ్లు ఊరికి కొత్తవాళ్లు. పాతకాపులు నిమిషాల్లో చెప్తారు. ఇంకా పాతవాళ్లు 'ఎన్నింటికి బయల్దేరతావు?' అని ఎదురడుగుతారు.

ఏ ఊరి ట్రాఫిక్ ఘోరం అన్న వాదన తెగేది కాదు, ఎందుకంటే ఒక్కో ఊరు ఒక్కో రకంగా ఇరుక్కుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో ఫ్రీవే ఆగిపోతే కింద గళ్లుగళ్లుగా వీధులున్నాయి, దిగిపోవచ్చు. బ్యాంకాక్‌లో ఆ వెసులుబాటు లేదు. సోయిల్లో చాలావరకు లోపలికి పోయి మూసుకుపోతాయి, ఎవరైనా సరే పెద్ద రోడ్డెక్కాల్సిందే. అక్కడ జామ్‌కి కారణం బండ్లు ఎక్కువవడం ఒక్కటే కాదు, రెండో దారి లేకపోవడం కూడా.

మాస్కో, బీజింగ్ లాంటి వలయాల ఊళ్లది మరో రకం. తప్పు దిక్కున ఎక్కితే వెనక్కి తిరగడం కష్టం, చుట్టూ తిరిగి రావాలంటే మాస్కోలో ఎంకేఏడీ అనే వలయం 109 కిలోమీటర్లు. వలయం మీద తూర్పు పడమరలతో పని జరగదు, ఒకే రోడ్డు అన్ని దిక్కులకీ తిరుగుతుంది. లండన్ చుట్టూ 1986లో పూర్తయిన ఎం25 మీద అందుకే 'గడియారం ముల్లు దిక్కు', 'దానికి ఎదురు దిక్కు' అంటారు. ఇంకొన్ని ఊళ్లలో ఒకే రోడ్డు రెండు పక్కల్ని లోపలి వలయం, బయటి వలయం అంటారు. ఇందులో కిటుకు ఒకటే. ఎడమవైపు నడిపే దేశాల్లో బయటిది గడియారం ముల్లు దిక్కు, కుడివైపు నడిపే దేశాల్లో లోపలిది. కాగితం మీద సున్నా గీసి, అందులో మన పక్కకి ఆనుకుని వేలు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

అమెరికా ఫ్రీవేల మీద చీటీలో తప్పక రాసుకోవాల్సింది దూరపు ఊరి పేరు. ర్యాంపు దగ్గర బోర్డు మీద మనం వెళ్లే పేట పేరు ఉండదు, ఆ రోడ్డు చివర్లో ఎక్కడో ఉన్న ఊరి పేరుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో 405 ఉత్తరం వైపు ఎక్కే బోర్డు మీద శాక్రమెంటో అని రాసి ఉంటుంది. ఆరు వందల కిలోమీటర్ల అవతలి ఊరు! మనం వెళ్లేది నాలుగు ఎగ్జిట్ల దూరం. పోనీ ఎగ్జిట్లు లెక్కపెట్టుకుందామంటే కాలిఫోర్నియాలో రాష్ట్రమంతటా వాటికి నంబర్లు వెయ్యడం మొదలైందే 2002లో. అంతకుముందు వీధి పేరు చదివే లోపే ఎగ్జిట్ వెనక్కి పోయేది. దానికి తోడు అక్కడక్కడా ఎగ్జిట్ కుడి చేతి వైపు కాకుండా ఎడమ చేతి వైపు వస్తుంది. చీటీలో ఆ ముక్క గుండ్రంగా చుట్టి పెట్టుకోకపోతే ఆఖరి నిమిషంలో ఐదు లేన్లు దాటాలి.

సిగ్నల్ దగ్గర ఎన్నోసారికి బయటపడతామో లెక్కకట్టడం పాతకాపుల కాలక్షేపం. పచ్చ లైటు పడ్డాక మొదట్లో రెండు సెకన్లు కదలడానికే పోతాయి. తర్వాత లేనుకి రెండు సెకన్లకో కారు చొప్పున దాటుతుంది. 30 సెకన్ల పచ్చలో లేనుకి 14 కార్లు. ఆగిన కారు ఒక్కోటి ముందు ఖాళీతో కలిపి సుమారు 7 మీటర్లు తింటుంది. అంటే గీత నుంచి వంద మీటర్ల లోపుంటే ఈసారే దాటతాం, లేకపోతే ఇంకోసారి ఆగాలి. ముందు ఎడమ మలుపో కుడి మలుపో తిరిగే బండి ఒకటి ఎదురు బండ్ల కోసం ఆగిందా, ఈ లెక్క సగానికి పడిపోతుంది. ద్విచక్ర వాహనాలు ఎక్కువున్న ఊళ్లలో లేన్ల లెక్కే ఉండదు, ముందున్న ఖాళీ అంతా అవే నింపేస్తాయి.

ఏ ప్రమాదమూ లేకుండా జామ్ ఎలా పుడుతుందన్నది చాలాకాలం అందరికీ వింతే. 2008లో ప్రచురించిన ఓ ప్రయోగంలో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లని ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, మలుపు లేదు. కాసేపటికి ఒకరు కాస్త బ్రేకు తొక్కారు, వెనకాయన ఇంకాస్త తొక్కాడు, ఆ వెనకాయన పూర్తిగా ఆగిపోయాడు. ఆ ఆగుడు అల లాగా వెనక్కి పాకిపోయింది. ఫ్రీవే మీద ఏమీ లేనిచోట ఆగి, ఏమీ లేనిచోటే కదలడానికి కారణం ఇదే. ముందు బండికి బాగా ఎడం ఇచ్చి మెల్లగా సాగే లారీ వెనక ఉంటే ఆ అల అక్కడికి వచ్చేసరికి చప్పబడిపోతుంది. పాత డ్రైవర్లు జామ్‌లో లారీ వెనకే ఉండమనడం ఊరికే కాదు.

రోడ్డు వెడల్పు చేస్తే తీరిపోతుందనుకునే రోజులూ ఉండేవి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి సర్వీసు రోడ్లతో కలిపి ఒకచోట 26 లేన్ల దాకా పెంచారు. కొన్నేళ్లకే రద్దీ మళ్లీ మొదటికొచ్చింది. నంబరు ప్లేటు లెక్కలూ అంతే. మెక్సికో సిటీ 1989లో ప్లేటు చివరి అంకెని బట్టి వారానికో రోజు బండి తియ్యొద్దంది. జనం ఇంకో అంకె ఉన్న రెండో కారు కొన్నారు, అదీ పాతది, పొగ ఎక్కువ కక్కేది. జకార్తా 1992 నుంచి పెద్ద రోడ్ల మీద కారులో ముగ్గురుండాలంది. రోడ్డు పక్కన నిలబడి, డబ్బులు తీసుకుని మూడో మనిషిగా కూర్చునే వృత్తి పుట్టింది. ఆ నియమాన్ని 2016లో తీసేశాక జామ్‌లు ఇంకా పెరిగాయి. అంటే ఎగతాళి చేసినంత పనికిరానిదేం కాదది.

జామ్ కబురు తెలిసే దారి ఆ రోజుల్లో రేడియోనే. లాస్ ఏంజెలెస్‌లో 'సిగలర్ట్' అన్న మాట అలా పుట్టిందే. 1955లో లోయిడ్ సిగ్మన్ అనే రేడియో మనిషి తెచ్చిన పద్ధతి కాబట్టి ఆయన పేరే దానికి పడింది. అనుకోకుండా ఒక లేన్ అరగంట పైగా మూతపడితేనే సిగలర్ట్. వినేవాళ్లకి ఈ కొలత తెలుసు కాబట్టి ఆ మాట వినపడగానే తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవాలా, ఓపిక పట్టాలా అన్నది తేలిపోయేది.

దారి అడగడంలోనూ పద్ధతులుండేవి. 'ఇటే కదా?' అని అడగకూడదు, తెలియనివాళ్లు కూడా మొహమాటానికి తల ఊపేస్తారు. 'ఎటు వెళ్లాలి?' అనే అడగాలి. నడిచి తిరిగేవాళ్లని అడిగితే కారు పట్టని సందు చెప్తారు. బస్టాపులో నిలబడినవాళ్లు మనలాగే కొత్తవాళ్లు కావచ్చు. పోస్ట్‌మన్, పెట్రోల్ బంకు మనిషి, టాక్సీ స్టాండు, వీళ్లని నమ్మొచ్చు. ఎంత వివరంగా చెప్పినా మొదటి రెండు మలుపులే గుర్తుంటాయి, అక్కడికి వెళ్లి మళ్లీ అడుక్కోవడమే నయం.

యంత్రాలు ఒక్కసారిగా ఏమీ రాలేదు. 1981లో హోండా కారులో గైరోస్కోప్ పెట్టి, తెర మీద పారదర్శకమైన పటం ముక్కలు మార్చుకుంటూ వెళ్లే పరికరం తెచ్చింది. 1985లో వచ్చిన ఈటాక్ పటాల్ని క్యాసెట్లలో పెట్టింది. ఉపగ్రహాలతో పని లేదు, చక్రాల తిరుగుడు, దిక్సూచి కలిపి లెక్కకట్టేది. బాణం తెర మధ్యలో నిలబడి ఉంటే పటమే చుట్టూ తిరిగేది, ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నట్టే. జీపీఎస్‌లో మామూలు జనానికి కావాలని కలిపిన తప్పుని 2000 మే నెలలో తీసేశారు. అప్పటిదాకా వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, అంటే పక్క వీధి కూడా కావచ్చు. గూగుల్ మ్యాప్స్ 2005లో వచ్చింది. ఆ తర్వాత చీటీలు మాయం.

ఫోన్‌కీ దాని తప్పులు దానికున్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు మన ముఖం ఎటుందో జీపీఎస్‌కి తెలియదు, ఫోన్‌లోని దిక్సూచినేమో చుట్టూ ఉన్న ఇనుము తికమక పెడుతుంది. మొదటి మలుపే తప్పు చెప్పేది అందుకే. ముప్పై మీటర్లు కదిలాక చెప్పేది నమ్మాలి. ఫ్లైఓవర్ మీద ఉన్నామా కింద ఉన్నామా అన్నది దానికి సరిగ్గా తెలియదు. ర్యాంపు ఎక్కే ముందే బోర్డు చదువుకోవాలి. ఎత్తైన భవనాల మధ్య సంకేతాలు గోడలకి తగిలి రావడంతో బాణం పక్క వీధికి గెంతుతుంది. గమ్యం గుర్తు చాలాసార్లు భవనం నడిమధ్యన పడుతుంది, దానికి దగ్గరున్న రోడ్డు వెనక సందు అయితే అక్కడికే తీసుకెళ్లి 'చేరుకున్నారు' అంటుంది. చివరి అరకిలోమీటరు ముందే చూసుకుని గేటు ఏ రోడ్డు మీదుందో గుర్తుపెట్టుకోవడం ఇప్పటికీ తప్పదు.

ఇవన్నీ వచ్చాక కూడా లండన్ నల్ల టాక్సీ లైసెన్సు కావాలంటే 'నాలెడ్జ్' పరీక్ష నెగ్గాలి. చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపు పాతిక వేల వీధులు, 320 దారులు నోటికి రావాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ డ్రైవర్ల మెదడులో హిప్పోకాంపస్ (దారులు గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే భాగం) వెనకభాగం పెద్దదై ఉండటం 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపించింది. నేర్చుకునే పద్ధతి మాత్రం పాతదే. పెద్ద పటం మీద బయల్దేరే చోటు నుంచి చేరే చోటికి నూలు దారం బిగించి పట్టుకుంటారు. దారానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి దారి. ఆ వీధుల పేర్లు వరసగా కాగితం మీద రాసుకుని, చిన్న మోటార్ సైకిల్ హ్యాండిల్ మీద బిగించిన అట్టకి క్లిప్పు పెట్టుకుని, మేనర్ హౌస్ స్టేషన్ నుంచి గిబ్సన్ స్క్వేర్ దాకా మొదటి దారి మొదలుపెడతారు. వానలో తడవకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు.